ఊరి పరీక్ష

"మొదటి జట్టులో ఆరుగురు చేరారు, ఐదుగురు నెగ్గారు. అంతవరకు రాయి. ఆ ఆరో మనిషి సంగతి తవ్వకు," అన్నారు నరసింగరావు మాస్టారు.

ఆ మాట అనకపోతే రాగసుధ తవ్వేది కాదేమో. తవ్వొద్దన్నాక ఊరుకుంటే అది రాగసుధ ఎందుకవుతుంది? చేతిలో కలం మూత పెట్టి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

నాగావళి విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్స్ కోర్సు మొదలెట్టి ముప్పై ఏళ్ళు నిండాయి. శనివారం పెద్ద సభ. సభలో కోర్సు చరిత్ర చదివి వినిపించాలి. ఆఖరు సంవత్సరం పిల్లల్లో గొంతు బాగున్నదీ, మైకు ముందు బెదరనిదీ రాగసుధే కాబట్టి శాఖాధిపతి నరసింగరావు గారు ఆ పని ఆమెకి అప్పగించారు. ముఖ్య అతిథి ఆ కోర్సుకి పురుడు పోసిన అప్పలనరసింహం గారు. ఆయన రాగసుధకి తాతయ్య. తాతగారి ఘనత మనవరాలి నోటి మీదుగా వినిపిస్తే సభ కళకళలాడుతుందని మాస్టారి ఊహ.

"ఆరో ఆయన ఏమయ్యారు సార్?"

"ఆయన కాదు, ఆవిడ. మానేసింది."

"మానేసిందా, తప్పిందా?"

"ఏదైతే నీకేంటమ్మా? నేను ఈ శాఖకి రాకముందు సంగతి. ఆవిడ పేరెత్తితే మీ తాతగారికి ముక్కు మీద కోపం వస్తుందని మాత్రం నాకు తెలుసు. శనివారం పూట ఆయన మొహం మాడ్చుకుంటే బాధ్యత నీదే."

రాగసుధ తల ఊపి బయటికొచ్చింది. తల ఊపడం ఒప్పుకోవడం కాదని ఆమెని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో సాయంత్రం పాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తను అంతవరకు రాసింది చదువుకుంది. బాగానే ఉంది. మొదట్లో గది లేక సైకిలు షెడ్డులో పాఠాలు చెప్పడం ఉంది. మామూలు డిగ్రీ వాళ్ళకంటే నాలుగు పేపర్లు ఎక్కువ రాయాలని పిల్లలు లబోదిబోమనడం ఉంది. మిగతా శాఖల వాళ్ళు 'అదనపు చాకిరీ డిగ్రీ' అని వెక్కిరించడం కూడా ఉంది. అన్నిటికంటే బాగా వచ్చింది ఊరి పరీక్ష ఘట్టం. ఆ కథలు తాతయ్య ఒళ్ళో కూర్చుని విన్నవే.

ఊరి పరీక్ష తాతయ్య సొంత బుర్రలోంచి పుట్టింది. ఆనర్స్ విద్యార్థి మూడో ఏడు ఒక పరిశోధన చేస్తాడు కదా, దాన్ని గదిలో నలుగురు ప్రొఫెసర్ల ముందు చెబితే చెల్లదు. తన సొంత ఊరు వెళ్ళి, తన వాళ్ళ మధ్య నిలబడి, తన యాసలో చెప్పాలి. చెప్పాక తాతయ్య ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు విద్యార్థే చెప్పాలి, పక్కవాడు ఒక్క ముక్క అందించినా పరీక్ష రద్దు. "అమ్మానాన్నలకి అర్థంకాని చదువుకి ఆనర్స్ అని పేరెందుకు?" అనేవారు ఆయన. గరివిడి ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు గేటు ముందు నిలబడి షిఫ్టు జీతాల లెక్క చెప్పాడు. సాలూరు డ్రైవరు కొడుకు లారీల మధ్య నిలబడి కిరాయిలు ఎందుకు పడిపోతాయో చెబుతుంటే డ్రైవర్లు టైర్ల మీద కూర్చుని విన్నారు. అలాంటి కథలు ఐదు. ఐదే. ఆ మరుసటేడు నుంచి ఊరి పరీక్ష లేదు. దాని స్థానంలో సెమినార్ హాలు వచ్చింది, తర్వాత ప్రొజెక్టరు వచ్చింది. అంత గొప్పగా చెప్పుకునే పరీక్షని తాతయ్య తన చేతులతోనే ఎందుకు ఆపేశారో ఇన్నాళ్ళూ తనకి అడగాలని తోచనందుకు రాగసుధకి తన మీద తనకే చిరాకేసింది.

*

విజయనగరంలో ఇల్లు చేరేసరికి తాతయ్య ఇంకా షికారు నుంచి రాలేదు. బామ్మ లక్ష్మీకామేశ్వరి అరుగు మీద చాట ముందేసుకుని మునగాకు దూస్తోంది. రాగసుధ చెప్పులు విడిచి, పక్కన చతికిలబడి, తనూ ఒక రెమ్మ అందుకుంది.

"బామ్మా, తాతయ్య మొదటి జట్టులో ఆరో పిల్ల ఎవరు?"

బామ్మ చేతులు ఆగలేదు. "ఇన్నాళ్ళకి ఒకరడిగారు. లక్ష్మణమ్మ. సముద్రం ఒడ్డున నడిమిపేట పిల్ల. పరీక్షల ముందు మనింటికొచ్చి, ఇదిగో ఈ స్తంభానికి ఆనుకుని చదువుకునేది. ఎంత చురుకనుకున్నావు! మీ తాతయ్యని ప్రశ్నలేసి నిలదీసేది. ఆయనా మురిసిపోయేవారు. ఆ నడిమిపేట పరీక్ష రోజున ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఊరంతా కలిసి కాపీ కొట్టించారన్నారు. అంతే. ఆ పిల్ల పేరు మళ్ళీ ఈ ఇంట్లో వినబడలేదు."

"ఊరంతా కలిసి కాపీ ఏంటి బామ్మా?"

"అది ఆయన్నే అడుగు, వస్తున్నారు."

అప్పలనరసింహం గారు చేతికర్ర గుమ్మం పక్కన నిలబెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చారు. ఎనభై దాటినా మనిషి నిటారుగానే ఉన్నారు. రాగసుధ నాన్చలేదు. నేరుగా అడిగేసింది. ఆయన బామ్మ వైపు ఒక చూపు విసిరి, వాలుకుర్చీలో కూర్చున్నారు.

"ఆ పిల్ల పడవల మీద వాటాల గురించి రాసింది. చాలా బాగా చెప్పింది. అప్పుడు నేను అడిగాను. జబ్బు చేసి వేటకి రాని మనిషికి కూడా మీ పడవ వాటా ఇస్తోంది కదా, అది దానమా, కూలా అని. అంతే! వాళ్ళన్నయ్య అసిరయ్యట, లేచాడు. మేం అందరి వాటాలూ ఇచ్చేశాం అని అరిచాడు. వాడి వెనక ఇంకొకడు. ఆడవాళ్ళు కూడా. తలా ఒక జవాబు. నియమం ముందే చెప్పాను అమ్మడూ. పక్కవాళ్ళు నోరు విప్పితే రద్దు. లేచి వచ్చేశాను."

"ఆవిడేం చెప్పింది?"

"చెప్పే సందెక్కడిచ్చారు వాళ్ళు?"

"మరి అరిచింది వాళ్ళయితే తప్పింది ఆవిడెలా అవుతుంది తాతయ్యా?"

"నియమం నియమమే. ఆ రోజు ఆ పిల్లకి సడలిస్తే మిగతా ఐదుగురికీ అన్యాయం."

"ఇంకో రోజు వెళ్ళి మళ్ళీ అడగొచ్చు కదా?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. ఎంతసేపు తుడిచినా ఆ అద్దాలకి ఏదో మిగిలిపోయినట్టే ఉంది. చివరికి, "ఆ రోజు నన్ను కొట్టినంత పని చేశారు. మళ్ళీ ఆ గడప తొక్కనన్నాను. తొక్కలేదు," అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

రాగసుధకి ఒళ్ళు మండిపోయింది. తాతయ్య అంటే ప్రాణం. అర్థశాస్త్రంలో చేరిందే ఆయన్ని చూసి. అలాంటి మనిషి ఒక ఆడపిల్ల మూడేళ్ళ చదువుని కోపంతో ఇసకలో వదిలేసి వచ్చేశాడంటే ఎలా మింగుడుపడుతుంది? శనివారం సభలో 'ఐదుగురు నెగ్గారు' అని చదివితే ఆ అన్యాయానికి తన గొంతు అరువిచ్చినట్టే. జరిగింది జరిగినట్టు చదివితే నిండు సభలో తాతయ్య తలవంపులు తనే చూడాలి. ఎటూ పాలుపోలేదు. సరే, ముందు ఆ లక్ష్మణమ్మ అనే మనిషిని కళ్ళారా చూద్దామనుకుంది.

*

గురువారం క్లాసులు ఎగ్గొట్టి నడిమిపేట వెళ్ళింది. ఆటో దిగగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. ఉల్లిపాయ ఘాటు కూడా ఎరగని ఇంట్లో పుట్టిన పిల్ల. చున్నీ ముక్కు దాకా వెళ్ళి, ఎవరైనా చూస్తే బాగోదని మళ్ళీ కిందికి దిగింది.

లక్ష్మణమ్మ ఎక్కడుంటుందని అడిగితే ఒకటికి నాలుగు చేతులు ఒకే షెడ్డు చూపించాయి. లోపల పది మంది ఆడవాళ్ళు ఎండు నెత్తళ్ళు ఏరుతున్నారు. మధ్యలో నడివయసు మనిషి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గుప్పెడు నెత్తళ్ళు తీసి నలిపి చూసి, పక్కన పారేసింది.

"ఇవి ఆరలేదే! లోపల పచ్చిగానే ఉన్నాయి. సాలూరు ఎల్లేసరికి బూజట్టేస్తాది. మల్లీ ఎండలో పొయ్యండి." అప్పుడు గుమ్మంలో నిలబడిన రాగసుధని చూసింది. "ఎవరి గుంటవే నువ్వు? సేపలు కొనీ మొకంలా లేదు."

"నేను అప్పలనరసింహం గారి మనవరాల్నండి."

నెత్తళ్ళు ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. లక్ష్మణమ్మ మాత్రం చెంగుతో చేతులు తుడుచుకుని, ఒక తట్ట బోర్లించి, "కూకో," అంది. తనూ ఇంకో తట్ట మీద కూర్చుంది. "కామేశ్వరమ్మగారు బాగున్నారా? మునగాకు పొడి నంజుకుంటే నాలుగు ముద్దలు ఎక్కువ తినీదాన్ని ఆ ఇంట్లో."

రాగసుధ ఉక్కిరిబిక్కిరైంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని సిద్ధపడి వచ్చింది గాని మునగాకు పొడికి సిద్ధపడలేదు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ కలిపి ఒక్క గుక్కలో చెప్పేసింది. శనివారం సభ ఉందని, ఆవిడని పిలవడానికి వచ్చానని, అందరి ముందూ శాలువా కప్పిస్తానని, తాతయ్య తరఫున తనే క్షమాపణ అడుగుతున్నానని.

లక్ష్మణమ్మ పూర్తిగా విని, "మావోల్లు ఆ రోజు ఎందుకరిసారో నీకు తెల్సా?" అంది.

"కోపమొచ్చి అనుకున్నాను."

"కోపం కాదే తల్లీ. మా పేటలో కులపెద్ద కుర్సీ మీద కూకుని, మనిషిని నడిమిన నిలబెట్టి ప్రశ్నేసినాడంటే దానికొకటే అర్థం. ఆ మనిషి తప్పు సేసినట్టు. పరీచ్చ అని నాను ముందే సెప్పినాను. సెప్తే మాత్రం? ఆల్లు పరీచ్చలు సూసినారా? కుర్సీ సూసినారు, నడిమిన నిలబడ్డ నన్ను సూసినారు. మీ తాతగారేమో వాటా అన్నారు, దానం అన్నారు. ఇంకేటుంది! మా అయ్య వాటాలు మింగేసినాడని పట్నం నించి పెద్దమనిషి పంచాయితీకొచ్చినాడనుకున్నారు. మా పిల్లని కాపాడుకోవాలని తలా ఒక సాచ్చికం సెప్పినారు. మా అన్న అయితే గంగమ్మ తల్లి మీద ఒట్టేసినాడు." ఆవిడ గట్టిగా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు వల్లేనా కాదా అన్నది రాగసుధకి తెలియలేదు.

"మీరు చెప్పలేదా తాతయ్యకి, ఇదీ సంగతని?"

"ఎనకాల పరిగెట్టినాను. బస్సెక్కేసినారు. తర్వాత యూనివర్సిటీకి ఎల్తే, మాస్టారు నా మాట ఇనకుండానే, రద్దయిపోనాది, నా సేతిలో లేదన్నారు. నాకూ రోసం వచ్చినాది. మామూలు డిగ్రీ కాయితం ఇస్తామన్నారు. మూడేల్లు ఆనర్స్ సదివి అదేటికి? ఒగ్గేసినాను."

"అందుకే శనివారం మీరు రావాలి. నేను అందరి ముందూ…"

"సాలువా నాకేటికే? ఈ ఎండలో కప్పుకోనా, నెత్తల్ల మీద పరవనా?" లక్ష్మణమ్మ ముందుకు వంగింది. ఇప్పుడు నవ్వు లేదు. "చమాపన కూడా వొద్దు. ఆయన్ని ఒచ్చి పరీచ్చ పెట్టమను. ఆ ప్రశ్న నన్నడిగినారు. జవాబు ఇనకుండా ఎల్లిపోనారు. ఇరవై ఏడేల్లు అయింది, రెండు పడవలకి ఆసామినయినాను, ఇప్పటికీ వాటాలు పంచేటప్పుడల్లా ఆ ప్రశ్న నా సెవిలో పడతాది. నా జవాబు ఇనమను. తప్పయితే తప్పని సెప్పి పొమ్మను. ఊరికే పాసు సేస్తే మాత్రం ఒప్పుకోను."

*

ఇంటికొచ్చి రాగసుధ ఈ మాటలన్నీ పొల్లుపోకుండా తాతయ్య ముందు పెట్టింది. కులపెద్ద కుర్చీ సంగతి వచ్చేసరికి ఆయన చూపు నేల మీదకి దిగిపోయింది.

"కుర్చీ వాళ్ళే వేశారు," అన్నారు. "నేను మర్యాద చేశారనుకున్నాను."

బామ్మ వంటింట్లోంచి, "అడిగితే తెలిసేది," అంది. అంతకంటే అనలేదు.

"క్షమాపణ చెప్పమందా?"

"వద్దంది."

"మరి? డిగ్రీ ఇప్పించమందా?"

"పరీక్ష పెట్టమంది."

అప్పలనరసింహం గారు వాలుకుర్చీలో నిటారుగా కూర్చున్నారు. క్షమాపణ అడిగి ఉంటే ఆయన ఏ నియమాన్నో అడ్డం పెట్టుకునేవారే. డిగ్రీ అడిగి ఉంటే అది యూనివర్సిటీ పని అనేవారు. పరీక్ష పెట్టమని అడిగే విద్యార్థిని మాత్రం ఆయన బతుకంతా కాదని ఎరగరు. రాగసుధకి ఆ క్షణాన ఆ లక్ష్మణమ్మ తెలివికి దండం పెట్టాలనిపించింది.

"ఎప్పుడంటుంది?"

"రేపు సాయంత్రం."

ఆయన ఫోను తెప్పించుకుని నరసింగరావు గారితో మాట్లాడారు. అవతల ఆయన లబలబలాడటం గది అంతా వినిపించింది. రికార్డులు, నియమావళి, అకడమిక్ కౌన్సిల్, రేపొద్దున ఎవరైనా కోర్టుకెళ్తే ఎలా సార్. తాతయ్య అంతా విని, "ఆఫీసు కాగితం మీ ఇష్టం నరసింగరావ్. మార్కులు నేను నోటితో ఇస్తాను. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు," అని పెట్టేశారు.

మర్నాడు పొద్దుటినుంచీ వరండాలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే ఉన్నారు. భోజనం దగ్గర కూడా పెదాలు కదులుతున్నాయి. "ప్రశ్న తెలిసిందే కదా, ఏం ఆలోచిస్తున్నారు?" అని రాగసుధ ఆటపట్టిస్తే, "ఇన్నేళ్ళు చదువుకుని వచ్చిన మనిషిని అదొక్కటే అడిగి వదిలేస్తే అవమానం అమ్మడూ," అన్నారు.

*

నడిమిపేటలో పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. వాటి నీడలో ఊరంతా చేరింది. కారు దిగగానే తెల్ల మీసాల మనిషొకడు ఎదురొచ్చి తాతయ్యకి రెండు చేతులూ జోడించాడు. లక్ష్మణమ్మ అన్న అసిరయ్య.

"బాబూ, ఆ దినం గొంతు సించుకున్నోడ్ని నానే. ఇయాల సూడండి." జనం వైపు తిరిగి చేతిలో తువ్వాలు గిర్రున తిప్పాడు. "ఒరే! ఇది పంచాయితీ కాదు, పరీచ్చ. ఎవుడు నోరిప్పినా రేపు ఆడ్ని ఏ పడవా ఎక్కనివ్వను. ఆడోల్లకీ అదే మాట. దగ్గొచ్చినోల్లు ఇప్పుడే దగ్గీసుకోండి."

నలుగురైదుగురు నిజంగానే దగ్గారు. తర్వాత నోళ్ళన్నీ మూతపడ్డాయి. పిల్లల మూతుల మీద తల్లులు చేతులు వేశారు.

కుర్చీ వేశారు. తాతయ్య దాన్ని పక్కకి జరిపించి, అందరిలాగే ఒక బోర్లించిన తట్ట మీద కూర్చున్నారు. లక్ష్మణమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త పూలు పెట్టుకుని వచ్చి నడిమిన నిలబడింది. నువ్వూ కూర్చోమ్మా అంటే ఒప్పుకోలేదు.

"నిలబడే సెప్తాను మాస్టారూ."

"సరే. జబ్బు చేసి వేటకి రాని మనిషికి వాటా ఇస్తారు. అది దానమా, కూలా?"

"రెండూ కాదండి." గొంతులో తడబాటు లేదు. "దానమైతే తీసుకున్నోడు తల దించుకోవాల. ఇక్కడ వాటా మేమే ఇంటికి అట్టుకెల్లి ఇస్తాం, ఆడు దర్జాగా తీసుకుంటాడు. కూలైతే పని సెయ్యాల, ఆడు సెయ్యలేదు. నా లెక్కలో అది మనిషిని నిలబెట్టుకునీ కరుసు. ఇంజనుకి నూనె పోస్తాం, వల కుడతాం, అలాటిదే. జొరమొచ్చినోడికి వాటా ఆపీసినాననుకోండి, తగ్గినాక ఆడు పక్క పడవెక్కుతాడు. పనొచ్చిన మనిషి పోతాడు."

తాతయ్య తల ఊపారు. అయిపోయిందనుకున్నారు అందరూ. అసిరయ్య ఛాతీ ఉప్పొంగింది.

"బాగుంది. తిరిగి వచ్చేవాడికి సరిపోయింది. తిరిగి రానివాడి మాటేమిటి? కాలు పోయింది, ఇంక ఎన్నటికీ పడవెక్కడు. ఆ సంగతి నీకూ తెలుసు, వాడికీ తెలుసు. వాడు పక్క పడవెక్కుతాడన్న భయం లేదు. వాడికిస్తావా?"

"ఇస్తాను."

"ఎందుకు? నువ్వు చెప్పిన లెక్క ప్రకారం అది దండగ."

లక్ష్మణమ్మ నోరు తెరిచి, మూసింది. జనంలో గంగులు అనే ముసలాయన ఉన్నాడు, ఒక కాలు మోకాలి దాకే, చంకలో కర్ర. ఎవరూ అతని వైపు చూడలేదు గాని అందరికీ అతనే గుర్తొచ్చాడని తెలుస్తూనే ఉంది. ఆవిడ సముద్రం వైపు చూసింది, కాళ్ళ దగ్గర ఇసక చూసింది. సమయం గడుస్తోంది. పాత ప్రశ్న ఒక్కటి అడిగి రావచ్చు కదా, ఈ ముసలాయనకి ఎందుకింత పట్టుదల! జవాబు రాకపోతే ఈ ఆడమనిషి ఊరందరి ముందూ రెండోసారి తప్పినట్టే. అది చేసింది తనే, తన తవ్వకమే. జనంలో ఒకావిడ పెదాలు విప్పబోతే పక్కావిడ తొడపాశం పెట్టింది. అసిరయ్య మొహం కందగడ్డలా అయిపోయి, చేతిలో తువ్వాలు తీసి తన నోట్లోనే కుక్కుకున్నాడు. పాపం, ఎంత కష్టపడ్డాడో.

"ఆడి కోసం కాదండి," అంది లక్ష్మణమ్మ చివరికి, మెల్లిగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "నా పడవలో ఇంకా మనుసులున్నారు గదా. గంగులు మావ ఇంటికి వాటా ఎల్తన్నాదా లేదా అని ఆల్లు సూస్తారు. సెప్పరు, సూస్తారు. ఎల్తన్నాది కాబట్టే అల పెద్దదైనా వల ఒదిలీకుండా లాగుతారు. రేపు నాకేటైనా అయితే నా ఇంటికీ ఎల్తాదని ఆల్లకి నమ్మకం. ఆ వాటా ఆపీసినాననుకోండి, మర్నాడి నించి ఎవుడి పేనం ఆడు దాసుకుంటాడు. పడవ నడవదు. గంగులు మావకి ఇచ్చీది పడవెక్కినోల్లకి ఇచ్చినట్టే." ఆగి, తలెత్తింది. "ఒక మాట మాస్టారూ. ఆ దినం నాకిది తెలీదు. అప్పుడు నన్ను సెప్పనిచ్చుంటే కూలి అని సెప్పీదాన్ని. తప్పీదాన్నేమో."

అప్పలనరసింహం గారు తట్ట మీద నుంచి లేచారు. రాగసుధ చెయ్యి అందించబోతే వద్దన్నారు.

"కూలి అని చెప్పి, ఎందుకో రెండు ముక్కలు చెప్పినా సరిపోయేదమ్మా, పాసయ్యేదానివి. వినడం నా పని. ఆ పని ఆ రోజు నేను చెయ్యలేదు. తప్పింది నేను." "ఆనర్స్ మొదటి జట్టు, లక్ష్మణమ్మ, ఊరి పరీక్ష. నూటికి అరవై ఎనిమిది."

అసిరయ్య నోట్లోంచి తువ్వాలు లాగేసి, "అరవై ఎనిమిదేటి బాబూ, డెబ్బై!" అని ఒక్క అరుపు అరిచాడు. అంతే, గట్టు తెగింది.

"డెబ్బై రెండు!"

"డెబ్బై ఐదు సెయ్యండి బాబూ!"

"ఎనభై! నా మాట, ఎనభై!" అని గంగులు కర్ర పైకెత్తాడు.

తాతయ్య బిత్తరపోయి ఇటూ అటూ చూశారు. రాగసుధకి నవ్వాగలేదు. లక్ష్మణమ్మ మాత్రం నడుం మీద చేతులేసుకుని గిర్రున తిరిగింది.

"నోర్ముయ్యండెహె అందరూ! ఎచ్చు పాట పాడ్డానికి ఇది సేపల ఏలం అనుకున్నారా? మాస్టారు ఇని, నా మొకం సూసి ఇచ్చినారు. అరవై ఎనిమిది. అది నాది. దానికి ఒక్క మార్కు ఎవడు కలిపినా ఊరుకోను!"

పేట పేటంతా నోరు మూసుకుంది. అప్పుడు గాని లక్ష్మణమ్మ ఏడవలేదు.

*

"రేపు సభకి రామ్మా," అని కారెక్కుతూ తాతయ్య పిలిచారు.

"రేపు రాలేనండి, సీపురుపల్లికి సరుకు పంపాల. పచ్చి నెత్తల్లు పంపీసినారంటే నా పేరు పోతాది," అంది లక్ష్మణమ్మ. కామేశ్వరమ్మగారికి అని ఒక కొబ్బరికాయల సంచి డ్రైవరు పక్కన పెట్టించింది.

పెద్ద రోడ్డెక్కాక రాగసుధ అడిగింది.

"తాతయ్యా, రేపు నన్నేం చదవమంటారు?"

"జరిగింది."

"మీరు లేచి వెళ్ళిపోవడం కూడానా?"

"అది లేకుండా చదివితే నీకు నేను సున్నా వేస్తాను," అన్నారు ఆయన. కొంచెం ఆగి, "గట్టిగా చదువు. నాకు వెనకటిలా వినబడటం లేదు," అన్నారు.

శనివారం హాలు కిక్కిరిసింది. వేదిక మీద పూలదండలు, వెనక పెద్ద బ్యానరు. రాగసుధ సైకిలు షెడ్డు నుంచి మొదలుపెట్టింది. గరివిడి గేటు చదివింది, సాలూరు లారీలు చదివింది. జనం హాయిగా వింటున్నారు. నడిమిపేట పేరు రాగానే నరసింగరావు గారు వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. పరీక్షాధికారి జవాబు వినకుండా లేచిపోయారని చదివేసరికి వందల కళ్ళు వేదిక మీద పెద్దాయన వైపు తిరిగాయి. ఆయన చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి, మనవరాలి మాటే వింటున్నారు.

రాగసుధ గొంతు పెంచింది.

"మొదటి జట్టులో చేరినవారు ఆరుగురు. ఆరుగురూ నెగ్గారు. ఆరో పరీక్ష నిన్న సాయంత్రం జరిగింది."